అర ఎకరం పాలీహౌస్‌లో వేడిని, తేమను దూరం నుంచి గమనించి నియంత్రించే ఏర్పాటు: ఎంత వరకు పెట్టుకోవాలి?

ప్రశ్న
రాసినవారు: పలమనేరు_క్యాప్సికం

అందరికీ నమస్కారం. పలమనేరు దగ్గర మాకు అర ఎకరం పాలీహౌస్ ఉంది. సహజంగా గాలి ఆడే రకమే. ఫ్యాన్లు, కూలింగ్ ప్యాడ్లు లేవు. పక్కలకు చేతితో తిప్పి చుట్టే తెరలు, లోపల తాడుతో లాగే నీడవల, పైన ఫాగర్లు (నీటిని మంచులా చిమ్మేవి), మొక్కలకు డ్రిప్ ఉన్నాయి. ఎరుపు, పసుపు క్యాప్సికం వేస్తున్నాము. తోట చూసుకునేది మా నాన్నగారు, ఆయనకు తోడు ఒక మనిషి. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తూ సెలవులు దొరికినప్పుడు వెళ్ళి వస్తుంటాను.

గడచిన ఏప్రిల్‌లో పూత, పిందె విపరీతంగా రాలిపోయాయి. మధ్యాహ్నం లోపల ఎంత వేడి ఉండేది, ఎంతసేపు ఉండేది అని ఎవరైనా అడిగితే, "మండిపోయిందిరా" అని నాన్నగారు చెప్పిన మాట తప్ప మా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. ఆ సంగతి తెలిసి ఒక కంపెనీవారు వచ్చి, సెన్సార్లు, వాటి అంకెలను ఇంటర్నెట్‌కు పంపే పెట్టె (గేట్‌వే), క్లౌడ్, కృత్రిమ మేధ అన్నీ కలిపి ఒక ప్యాకేజీ చూపించారు. ధర సంగతి అటుంచితే, ఏటేటా కట్టవలసిన చందా కూడా ఉంది. ఫోనులో బొత్తాం నొక్కగానే ఫాగర్ తిరగడం చూడటానికి ముచ్చటగానే ఉంది గాని, మా తోటలో సిగ్నల్ పోయిన కాసేపు వారి పెట్టె ఏ పనీ చేయకుండా ఊరకే ఉండిపోయింది.

నా సందేహాలు ఇవి. ఇటువంటి తోటకు యంత్రంతో నియంత్రించగలిగినవి అసలు ఏమేమి ఉన్నాయి? కంపెనీ ప్యాకేజీ కాకుండా ఈఎస్‌పీ32 వంటి చవకైన చిన్న కంప్యూటర్ బోర్డుతో మనమే చేయించుకుంటే పొలంలో నిలుస్తుందా? కరెంటు, నెట్‌వర్క్ రెండూ నమ్మకంగా లేని చోట దేని మీద ఎంత ఖర్చు పెట్టడం సబబు? ఫ్యాన్లు, ప్యాడ్లు కూడా బిగించుకోమని పక్క ఊరి వారొకరు చెబుతున్నారు. దాని గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1
రాసినవారు: ప్యానెల్_బోర్డు_చిత్తూరు

మీరు ఆ ప్రదర్శనలో గమనించిన విషయమే అన్నింటికన్నా ముఖ్యమైనది. ఇంటర్నెట్ లేకపోతే ఫాగర్ తిరగదు అనే ఏర్పాటును ఎవరు ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. నిర్ణయం తీసుకునే పెట్టె పాలీహౌస్‌లోనే ఉండాలి. ఎన్ని డిగ్రీలకు ఆన్ కావాలి, ఎన్నింటికి ఆఫ్ కావాలి అన్న హద్దులు ఆ పెట్టెలోనే నిలవ ఉండాలి. ఫోను అన్నది లోపల ఏం జరుగుతోందో చూడటానికి, అవసరమైనప్పుడు ఆ హద్దులను మార్చడానికి, ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని పిలవడానికి మాత్రమే.

ఇక కరెంటు సంగతి. మన వ్యవసాయ ఫీడర్లలో త్రీఫేజ్ సరఫరా పగటిపూట తొమ్మిది గంటలు. మిగిలిన సమయంలో మీ పెట్టె బతికి ఉండాలంటే దానికి సొంత బ్యాటరీ కావాలి. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి, దాన్ని నింపడానికి చిన్న సోలార్ ప్యానెల్ ఒకటి ఉంటే, 150 మిల్లీ ఆంపియర్లు లాగే బోర్డు ఎండ లేని రోజు కూడా దాటిపోతుంది. పక్క తెరలకు తర్వాత ఎప్పుడైనా మోటార్లు పెట్టదలిస్తే 24 వోల్టుల డీసీ గేరు మోటార్లే తీసుకోండి. గాలివాన వచ్చినప్పుడు ముందు పోయేది కరెంటే, ఆ సమయంలోనే తెర దించవలసిన అవసరం పడుతుంది. బ్యాటరీ మీద నడిచే మోటారు అయితేనే అక్కరకు వస్తుంది. తెర పై కొసన, కింది కొసన లిమిట్ స్విచ్చులు (తెర కొసకు చేరగానే మోటారును ఆపేవి) తప్పనిసరి. అవి లేకపోతే మోటారు ఆగక, చుట్టిన తెరను చింపేస్తుంది.

బోర్డుతో వచ్చే చిన్న నీలం రంగు రిలేకు (బోర్డు చెప్పినట్లు ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) ఫాగర్ పంపును నేరుగా కలిపినవారు నా దగ్గరకు చాలామంది వచ్చారు. పది ఆంపియర్లని దాని మీద రాసి ఉంటుంది నిజమే. కానీ మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు, అది నడిచేటప్పుడు లాగేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది కనుక, కొన్నాళ్ళకు లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి పంపు ఇక ఆగదు. ఆ రిలే కాంటాక్టర్ (మోటారు కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్) కాయిల్‌కు మాత్రమే కరెంటు ఇవ్వాలి, మోటారుకు కాంటాక్టర్ ఇవ్వాలి. దాని వెంట మోటారు మీద భారం పెరిగితే ఆపే ఓవర్‌లోడ్ రిలే, మోటారు త్రీఫేజ్ అయితే ఒక ఫేజ్ పోగానే ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, ట్యాంకులో నీళ్ళు అయిపోతే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ ఉండాలి. కాయిల్ మీద స్నబ్బర్ (విద్యుత్ కుదుపును మింగే చిన్న భాగం) పెట్టకపోతే, కాంటాక్టర్ విడిపోయిన ప్రతిసారీ వచ్చే విద్యుత్ కుదుపుకు బోర్డు రీసెట్ అవుతుంది. బోర్డు లేచేటప్పుడు కొన్ని పిన్నులు క్షణకాలం ఆన్ అవుతాయి, అప్పుడు రిలే టక్కుమని కొట్టుకుంటుంది. కనుక ఆ పిన్నులకు రిలేలు ఇవ్వకూడదని చేసేవారికి ముందే చెప్పండి.

ప్యానెల్ తలుపు మీద ఆటో, ఆఫ్, మాన్యువల్ అని మూడు స్థానాల సెలెక్టర్ స్విచ్ పెట్టించండి. మాన్యువల్‌కు తిప్పినప్పుడు బోర్డుతో నిమిత్తం లేకుండా, నేరుగా తీగ ద్వారానే కాంటాక్టర్ లాగాలి. బోర్డు కాలిపోయిన రోజున మీ నాన్నగారు స్విచ్ తిప్పి నీళ్ళు కొట్టుకోగలగాలి కదా.

జవాబు 2
రాసినవారు: కుప్పం_సాగు

కరెంటు సంగతి పై మిత్రులు చెప్పారు కనుక నేను పంట వైపు నుంచి చెబుతాను. క్యాప్సికానికి పగలు 21 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 18 నుంచి 20 డిగ్రీలు అనుకూలం. 32 దాటితే పిందె కట్టడం తగ్గుతుంది. 35 దాటి గంటల తరబడి నిలిస్తే పుప్పొడి చెడిపోయి పూత రాలుతుంది. అయితే పూత రాలిన ప్రతిసారీ వేడి మీదికే తోసేయకండి. తామర పురుగులు, నల్లి, నీటి ఎద్దడి వల్ల కూడా రాలుతుంది. అందుకే ముందుగా ఒక పూర్తి పంటకాలం కొలతలు మాత్రమే తీసుకుని, నియంత్రణ ఆ తర్వాత పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఏ రోజు ఎన్ని గంటలు 35 దాటిందో తెలిస్తే, ఆ వారం రాలిన పూతతో పోల్చి చూసుకోవచ్చు.

గాలిలో తేమ శాతం ఒక్కటే చూస్తే మోసపోతాము. తేమ 60 శాతం అని మీటరు ఒకే అంకె చూపిస్తున్నా, 20 డిగ్రీల ఉదయం పూట మొక్క హాయిగా ఉంటుంది, 35 డిగ్రీల మధ్యాహ్నం అదే మొక్క తలవాలుస్తుంది. గాలి ఆకు నుంచి ఎంత బలంగా నీటిని లాగుతోందో చెప్పేది వీపీడీ అనే కొలత. పై ఉదాహరణలో అది ఉదయం 0.94 కిలోపాస్కల్, మధ్యాహ్నం 2.25. కూరగాయలకు మామూలుగా 0.5 నుంచి 1.2 మధ్య ఉంటే మంచిది. 35 డిగ్రీల వేడిలో తేమ 40 శాతానికి పడిపోతే 3.3 దాటుతుంది, అప్పుడు వేరు ఎంత నీళ్ళు అందించినా ఆకుకు చాలదు. రాత్రి 22 డిగ్రీలు, 95 శాతం తేమ ఉంటే 0.13కు దిగుతుంది, అది తెగుళ్ళకు పండగ. ఉష్ణోగ్రత, తేమ రెండూ తెలిస్తే బోర్డే దీన్ని లెక్క కట్టగలదు, వేరే సెన్సార్ కొననక్కరలేదు.

మీ తోటలో చేతికి అందే మీటలు నాలుగే: నీడవల, పక్క తెరలు, ఫాగర్లు, డ్రిప్. వేసవిలో వీటిలో మొదటి స్థానం నీడవలది. లోపలికి వచ్చిన ఎండను తర్వాత నీళ్ళతో చల్లార్చడం కన్నా రానీయకుండా ఆపడం చౌక. ఫాగర్ రెండోది, అది కూడా పక్క తెరలు తెరిచి ఉన్నప్పుడే పనిచేస్తుంది. తెరలు మూసి ఫాగర్ వేస్తే కాసేపటికి లోపలి గాలి తేమతో నిండిపోయి, ఇక చల్లబడటం ఆగుతుంది, ఆకులు మాత్రం తడిసిపోతాయి. మా దగ్గర పెట్టుకున్న నియమం ఇది: ఉష్ణోగ్రత 32 దాటి, తేమ 60 శాతం లోపు ఉంటేనే ఫాగర్ అర నిమిషం తిరగాలి, ఆ తర్వాత కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, 29కి దిగాక పూర్తిగా మానాలి. ఆన్‌కూ ఆఫ్‌కూ మధ్య ఆ మూడు డిగ్రీల తేడా ఉంచకపోతే పంపు నిమిషానికోసారి కొట్టుకుంటుంది. సాయంత్రం నాలుగు తర్వాత ఎంత వేడిగా ఉన్నా ఫాగర్ తిరగకూడదు, పొద్దు కుంకే లోపల ఆకు ఆరాలి. ఇంకొక మాట, సూర్యోదయానికి ముందే తెరలు కొద్దిగా ఎత్తే అలవాటు చేసుకోండి. ఎండ తగలగానే గాలి త్వరగా వేడెక్కుతుంది, కాయ మాత్రం చల్లగానే ఉంటుంది కనుక చల్లటి కాయ మీద మంచు పట్టినట్లు నీరు చేరుతుంది; బూజు అక్కడే మొదలవుతుంది.

ఫ్యాన్-ప్యాడ్ పద్ధతి గురించి. ఇందులో ఫ్యాన్లు బయటి గాలిని తడి ప్యాడ్ల గుండా లాగి చల్లబరుస్తాయి. బయటి గాలి ఎంత పొడిగా ఉంటే అది అంత బాగా పనిచేస్తుంది. బయట 38 డిగ్రీలు, తేమ 30 శాతం ఉన్న మే నెల మధ్యాహ్నం, ప్యాడ్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే గాలి సుమారు 27 డిగ్రీలకు దిగుతుంది. అదే నవంబరు ముసురులో బయట 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే రెండు డిగ్రీలు కూడా తగ్గదు. పైగా ఫ్యాన్లు పగలంతా తిరగాలి, పాలీహౌస్ అన్ని వైపులా మూసి ఉండాలి, కరెంటు పోయిన పది నిమిషాలకే లోపల కొలిమి అవుతుంది. పలమనేరు మిట్ట మీద ఉన్నారు మీరు, తిరుపతిలో కాసే ఎండ మీ ఊళ్ళో కాయదు. ఉన్న దానికి ఫ్యాన్లు బిగించమని నేనైతే చెప్పను.

జవాబు 3
రాసినవారు: ఈసీఈ_మాస్టారు_తిరుపతి

సెన్సార్ల గురించి, సమాచారం పంపే దారి గురించి నాకు తెలిసినంత రాస్తాను.

మార్కెట్లో చవకగా దొరికే డీహెచ్‌టీ22 అనే ఉష్ణోగ్రత, తేమ సెన్సార్ బల్ల మీద బాగానే పనిచేస్తుంది, కానీ ఎప్పుడూ తేమగా ఉండే పాలీహౌస్‌లో కొన్ని నెలలకు తేమ అంకె పక్కదారి పడుతుంది. ఎస్‌హెచ్‌టీ31 రకం, దాని మీద నీటి బొట్టును ఆపి ఆవిరిని మాత్రం వదిలే తెల్లటి ఫిల్టర్ టోపీ ఉన్నది తీసుకోండి. గంధకం గాని, ఇతర మందులు గాని పిచికారీ చేసే రోజు దానికి ఒక ప్లాస్టిక్ సంచి తొడిగి, మందు ఆరాక తీసివేయాలి. అసలు సెన్సార్ ఎంత మంచిదైనా, దాన్ని ఎండలో వేలాడదీస్తే గాలి వేడిని కాక తన ఒంటి వేడిని చూపిస్తుంది. తెల్ల రంగు వేసిన, పక్కలకు చీలికలున్న పెట్టెలో పెట్టి, గాలిని లాగడానికి కంప్యూటర్లలో వాడే చిన్న ఫ్యాను ఒకటి బిగించి, మొక్క తల ఎత్తులో కట్టాలి, మొక్క ఎదిగే కొద్దీ పైకి జరపాలి. అర ఎకరానికి నడుమ ఒకటి, పడమటి చివర ఒకటి ఉంటే చాలు.

ఆ అంకెలు నిజమో కాదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. చిన్న గాజు సీసాలో ఉప్పు పోసి, తడి ఇసుకలా ముద్ద అయ్యే వరకు మాత్రమే నీళ్ళు కలిపి, ఆ ముద్దకు తగలకుండా సెన్సార్‌ను లోపల వేలాడదీసి, మూతను మైనంతో గాలి చొరకుండా మూయండి. కొన్ని గంటలకు లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. సాధారణ గది వేడిలో ఈ అంకె పెద్దగా మారదు. మీ సెన్సార్ 82 చూపిస్తే ఏడు తీసివేయమని ప్రోగ్రాములో రాసుకోవచ్చు; నెల తిరగకుండానే మళ్ళీ పక్కకు పోతే ఆ సెన్సార్ మార్చండి.

నేలలో తేమ కొలిచే రెండు మేకుల రకం కొనకండి, అవి తుప్పు పడతాయి. కెపాసిటివ్ రకం నయం గాని, బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైనా, ఎరువు నీళ్ళు ఇచ్చినా దాని అంకె మారుతుంది. డ్రిప్‌ను దాని మీద వదిలేయడానికి నాకు ధైర్యం చాలదు. టెన్షియోమీటరు (నేల నీటిని ఎంత గట్టిగా పట్టి ఉంచిందో చూపే మీటరు) చూసి మనిషి నిర్ణయించడమే మంచిది.

సెన్సార్ నుంచి పెట్టె వరకు తీగ పొడవు కొద్ది అడుగులు దాటితే ఐ2సీ పద్ధతి (బోర్డు మీది చిప్పులు దగ్గరి దూరంలో మాట్లాడుకునేది) నమ్మదగినది కాదు. ఆర్‌ఎస్‌485 అనే తీగ పద్ధతి అయితే వెయ్యి మీటర్లు దాటినా పనిచేస్తుంది, కనుక ఆ తీగ మీద నడిచే మోడ్‌బస్ భాష మాట్లాడే సెన్సార్లు తీసుకుని, ఆ తీగను మోటారు తీగలకు దూరంగా వేరే పైపులో లాగండి. పిడుగులు పడే ప్రాంతం కనుక సర్జ్ ప్రొటెక్టరు, సరైన ఎర్తింగు కూడా కావాలి. పాలీహౌస్‌లో సిగ్నల్ లేకపోయినా ఇంటి దగ్గర ఉంటే, రెండింటి మధ్య లోరా రేడియో (తక్కువ కరెంటుతో చాలా దూరం అంకెలు పంపేది) పెట్టవచ్చు. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. నేరుగా సిమ్ కార్డు పెట్టదలిస్తే ఒక జాగ్రత్త. చవకగా వచ్చే సిమ్800 మాడ్యూలు 2జీ మీద మాత్రమే నడుస్తుంది. జియోకు 2జీ లేదు కనుక ఆ సిమ్ అందులో పనిచేయదు. కొంచెం ఖర్చయినా 4జీ మాడ్యూలు పెట్టండి.

కృత్రిమ మేధ అన్నారు కనుక ఒక మాట. నెదర్లాండ్స్‌లోని వాహెనింగెన్ విశ్వవిద్యాలయం 2018లో స్వయంచాలక గ్రీన్‌హౌస్ పోటీ మొదలుపెట్టింది. దోస పంటను కంప్యూటర్ల నిర్ణయాలతో దూరం నుంచి పండించిన జట్లలో మైక్రోసాఫ్ట్ పరిశోధకుల జట్టు గెలిచి, అనుభవజ్ఞులైన అక్కడి రైతులు పండించిన గది కన్నా మంచి ఫలితం చూపింది. ఇది నిజమే, గొప్పదే. కానీ ఆ గదుల్లో వేడి నీటి గొట్టాలు, కార్బన్ డయాక్సైడ్, దీపాలు, తెరలు అన్నీ కంప్యూటరు చేతిలో ఉన్నాయి. చేతితో చుట్టే తెర ఉన్న చోట ఎంత తెలివైన ప్రోగ్రామైనా చేయగలిగింది "తెర ఎత్తండి" అని సందేశం పంపడమే.

జవాబు 4
రాసినవారు: పుంగనూరు_పెద్దరైతు

మాస్టారు చివర చెప్పిన మాటతో నేను ఏకీభవిస్తాను, మిగతా వాటిలో కొన్నింటితో లేదు. అర ఎకరానికి ఇంత సరంజామా దేనికి? మా ప్రాంతంలో బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు వచ్చి చాలా కాలమైంది, చదువు రాని వారు కూడా ఫోను చేసి మోటారు వేసుకుంటున్నారు. ఫాగర్ పంపుకు అటువంటిదే ఒక టైమరు పెట్టి, పదకొండు నుంచి మూడు వరకు పావుగంటకోసారి అర నిమిషం తిరిగేటట్లు చేస్తే సరిపోతుంది. గోడకు ఒక పెద్ద థర్మామీటరు, పక్కన ఒక నోటు పుస్తకం ఉంటే అంకెలూ ఉంటాయి. సెన్సార్ చెడిపోయి తప్పు చూపించిన రోజు పంటంతా దాని పాలవుతుంది. టైమరుకు ఆ భయం లేదు.

జవాబు 5
రాసినవారు: కుప్పం_సాగు

పెద్దాయన గారి మాటలో న్యాయముంది. ముఖ్యంగా చెడిపోయిన సెన్సార్ గురించి ఎవరూ చెప్పలేదు. కానీ టైమరుకు ముసురు పట్టిన రోజు, ఎండ కాసిన రోజు ఒక్కటే. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. ఆ రోజుల్లో టైమరు తిప్పడం మరచిపోతే తడి మీద తడి పెట్టినట్లే. కనుక రెండూ కలపండి. టైమరు ఎప్పుడు తిరగవచ్చో నిర్ణయిస్తుంది, తేమ 60 శాతం దాటితే సెన్సార్ దాన్ని అడ్డుకుంటుంది. సెన్సార్ నుంచి అంకె రాకపోయినా, లేదా గంటసేపు ఒకే అంకె కదలకుండా నిలిచినా, అది చెడిపోయిందని పెట్టె గ్రహించి, పెద్దాయన చెప్పిన టైమరు పద్ధతికి తనంతట తాను మారిపోవాలి, మీకు ఒక సందేశం పంపాలి.

ప్రశ్న వేసినవారి స్పందన
రాసినవారు: పలమనేరు_క్యాప్సికం

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. కంపెనీ ప్యాకేజీ వద్దనుకున్నాము, ఫ్యాన్ల ఆలోచన కూడా మానేశాము. ముందు రెండు సెన్సార్లు, బ్యాటరీ, 4జీ మాడ్యూలుతో కొలతలు మాత్రం మొదలుపెట్టి, ఫాగర్ పంపుకు కాంటాక్టరు, సెలెక్టరు స్విచ్ పెట్టిస్తాము. రెండు విషయాలు ఇంకా అడగాలి. నేను తిరుపతి నుంచి ఫాగర్ ఆన్ చేసే సమయానికి, లోపల మందు కొడుతున్న మనిషి ఉంటే ఎలా? హెచ్చరికలు ఎవరికి వెళ్ళాలి, నాకా, నాన్నగారికా? ఆయన దగ్గర ఉన్నది బొత్తాల ఫోను.

జవాబు 6
రాసినవారు: ప్యానెల్_బోర్డు_చిత్తూరు

మొదటి ప్రశ్న చాలా మంచిది. పాలీహౌస్ తలుపు లోపలి పక్కన ఒక స్విచ్ పెట్టించండి. లోపలికి వెళ్ళేవారు దాన్ని ఆఫ్ చేసి వెళ్ళాలి. అది కాంటాక్టర్ కాయిల్ తీగను నేరుగా తెంపుతుంది కనుక ఆటోలో ఉన్నా, మాన్యువల్‌లో ఉన్నా, మీరు ఫోనులో ఎన్నిసార్లు నొక్కినా పంపు తిరగదు. ఆ స్విచ్ ఆఫ్‌లో ఉందని మీ ఫోనులో కనిపించే ఏర్పాటు కూడా చేయండి, లేకపోతే ఆన్ చేయడం మరచి ఇంటికి వచ్చేస్తారు, మధ్యాహ్నమంతా ఫాగర్ తిరగదు. తలుపు బయట, ఎత్తులో ఒక ఎర్ర దీపం, పంపు మొదలయ్యే ముందు పది సెకన్లు మోగే బజరు ఉంటే ఇంకా మంచిది.

హెచ్చరికలు రెండు రకాలుగా విడగొట్టండి. వెంటనే మనిషి కదలవలసినవి, అంటే లోపల 38 దాటడం, పగటిపూట కరెంటు పోవడం, పంపు ఆన్‌లో ఉన్నా నీటి ఒత్తిడి రాకపోవడం వంటివి, మీ నాన్నగారి ఫోనుకు మాట రూపంలో కాల్‌గా వెళ్ళాలి. 4జీ మాడ్యూలు తన సిమ్ నుంచే కాల్ చేయగలదు, కానీ కొనే ముందు అది మాట కాల్ కూడా చేసే రకమేనా అని అడిగి తీసుకోండి. ఆయన ఎత్తకపోతే తర్వాతి కాల్ మీకు రావాలి. బ్యాటరీ తగ్గడం, సెన్సార్ తేడాగా చూపించడం వంటివి మీ ఒక్కరికి టెలిగ్రామ్‌లో వస్తే చాలు. ఒకే హెచ్చరిక అరగంట లోపు రెండోసారి రాకుండా చూసుకోండి, లేదంటే వారం తిరిగేసరికి పెద్దవారు ఆ నంబరును బ్లాకులో పెట్టేస్తారు. మా వాడుకదారులలో ఒకరింట్లో అదే జరిగింది.